పది కోట్ల మాటలు

అత్తగారి నోరు మూతపడే అవకాశం నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చినా, వద్దని తలుపేసిన కోడలు ఈ భూప్రపంచం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. వద్దనడమే కాదు, ఆ నోరు మళ్ళీ పడిపోకూడదని నేను మొక్కని దేవుడు లేడు, విప్పని మర లేదు. "అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నువ్వేంటమ్మా, మాట లేని అత్తని కూడా వద్దంటున్నావు?" అని మా ల్యాబ్‌లో అందరూ నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. మా అత్తగారి మాట విననివాళ్ళకి దాని విలువ ఏం తెలుస్తుంది?

ఆవిడ పేరు నూకరత్నం. కాకినాడ జగన్నాథపురంలో వంతెన దిగగానే కుడిచేతి వైపు ఆవిడ మెస్. దానికి బోర్డు లేదు, అవసరమూ పడలేదు. ఆవిడ గొంతు వంతెన అవతలికి వినపడేది. కూరలు ఆకాశంలోంచి దిగే ఈ కాలంలో కూడా ఆవిడ డ్రోనుతో బేరమాడేది. "వంకాయలకి ముచ్చికలు వాడిపోయాయి, సగం ధర చేసుకుని దించు, లేదంటే ఎగిరిపో" అనేది. ఆ డ్రోను కాసేపు గాలిలో తచ్చాడి, చివరికి ధర తగ్గించే దిగేది. సగం తిని లేచినవాడిని "కూర్చో నాయనా, పెరుగన్నం కాకులకా?" అని కూలేసేది. నా వంట గురించి మాత్రం ఆవిడ నోట మంచిమాట విన్న చెవి ఆ ఇంట్లో లేదు. నేను వండిన ప్రతిదానిలోనూ ఏదో ఒకటి ఎక్కువయ్యేది, కాకపోతే తక్కువయ్యేది.

మెస్‌లో కొన్ని మాటలు నిషేధం. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. బియ్యం అయిపోయాయని పొరపాటున ఎవరైనా అన్నారా, ఆ పూట వాళ్ళకి అక్షింతలే. 'నిండుకున్నాయి' అనాలి. అన్నం పెట్టే చోట 'లేదు', 'అయిపోయింది' అనే మాటలు పలికితే అన్నపూర్ణ అలిగి వెళ్ళిపోతుందట.

ఒకసారి బదిలీ మీద కొత్తగా వచ్చిన ఆఫీసరుగారొకాయన భోజనానికి కూర్చున్నారు. ఎక్కడో ఉత్తరాదిన పుట్టి పెరిగి, పుస్తకాలు ముందేసుకుని తెలుగు నేర్చుకున్న మనిషి. గోంగూర పప్పు అడిగారు. "నిండుకుందండి" అంది అత్తయ్య. ఆయన సంతోషించి ఓపిగ్గా కూర్చున్నారు. కాసేపయ్యాక, "నిండుగా ఉందన్నారు కదమ్మా, మరి తీసుకురారేం?" అన్నారు. మెస్సంతా పొలమారింది. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. లోపలికి వెళ్ళి, తనకోసం తీసిపెట్టుకున్న పప్పు గిన్నె తెచ్చి ఆయన విస్తట్లో బోర్లించింది.

అలాంటి మనిషికి ఒక పొద్దున్న పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ నెమ్మదిగా తేరుకున్నాయి కానీ మాట తిరిగి రాలేదు. బుర్రలో అన్నీ ఉన్నాయి, గొంతు కూడా కదులుతోంది, బయటికొచ్చేసరికి ఊ, ఆ తప్ప ఏమీ లేదు. వంటింటి గడపలో కూర్చుని, ఎవరేం తప్పు చేస్తున్నారో అన్నీ చూస్తూ, ఒక్కటీ అనలేక ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నా భర్త సూరిబాబు పోర్టులో క్రేను నడుపుతాడు, కొండంత కంటైనర్లని అలవోకగా ఎత్తే మనిషి. అమ్మ ముందు మాత్రం తల ఎత్తలేకపోయేవాడు.

నేను పనిచేసేది రామారావుపేటలో, పలుకుబడి ప్రయోగశాలలో. దాని పెద్ద డాక్టర్ అబ్బులుగారు. ఆయన ఒకరోజు పోపులపెట్టె అంత డబ్బా ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చారు. అత్తయ్య సన్నికల్లు పక్కన కూర్చుని ఉంది. ఆయన ఆ రాయి నడుమ పడిన గుంటలో వేలు పెట్టి, "ఇదెవరు చెక్కారమ్మా?" అన్నారు.

అత్తయ్య తన అరచెయ్యి చూపించింది.

"ఈ డబ్బాలో ఉన్నదీ ఇలాంటి రాయేనండి. ఈ పట్టీ గొంతుకి అంటించుకుని మీరు చెప్పదలుచుకున్నది గొంతులో అనుకుంటూ ఉండండి. మీ మాట రాసుకునీ రాసుకునీ దీంట్లోనూ గుంట పడుతుంది. పడ్డాక ఇది మీ మాట తప్ప ఇంకో మాట మాట్లాడదు."

అదే ఆయన కనిపెట్టిన అరుగుడు చిప్పు. మిగతా కంప్యూటర్లు పాఠం బట్టీపట్టినట్టు నేర్చుకుంటాయి, ఇది అరిగి నేర్చుకుంటుంది.

మొదటి ఏడాది ఆ డబ్బా మాకు చుక్కలు చూపించింది. ఆవిడ మంచినీళ్ళంటే అది మామిడికాయ అనేది. గొంతు తయారుచేయడానికి పాత ఫోను రికార్డింగులు వెతికితే దొరికినవన్నీ తిట్లే, కాబట్టి డబ్బా మంచినీళ్ళడిగినా కొట్టడానికొచ్చినట్టే అడిగేది. ఆవిడ విసుక్కునేది, తీసి అవతల పెట్టేది, మళ్ళీ తనే తెచ్చుకుని తగిలించుకునేది. మూడో ఏట ఒక సాయంత్రం సూరిబాబు డ్యూటీ దిగి ఇంట్లోకి అడుగుపెట్టాడో లేదో, "చెప్పులు బయట విడవరా సూరిగా, ఇల్లా పశువులపాకా?" అని వినపడింది. తడబాటు లేదు, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అంత మగాడూ గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఏడిస్తే ఏడిచావు గానీ, ముందు చెప్పులు విడు" అంది డబ్బా. మా ఇంట్లో అంత మంచి సాయంత్రం మళ్ళీ రాలేదనే చెప్పాలి.

ఆ డబ్బా ఎంతగా ఆవిడదైపోయిందంటే, దాని సొంత సంగతులు కూడా ఆవిడ భాషలోనే చెప్పేది. ఛార్జింగు తగ్గితే, "దీపం కొండెక్కేలా ఉందే అమ్మాయ్" అనేది. ఇంకో భాష దానికి తెలియదు కదా.

అంతా బాగుంటే ఈ కథ ఎందుకు? ఆ చిప్పుని ఊరూరికీ అందించే స్తోమత మా చిన్న ల్యాబ్‌కి లేక, అబ్బులుగారు దాన్ని నిత్యనూతన అనే పెద్ద సంస్థకి ఇచ్చేశారు. పేరులోనే ఉంది వాళ్ళ బుద్ధి. ఏ వస్తువూ ఎక్కువకాలం ఎవరి దగ్గరా ఉండటం వాళ్ళకి గిట్టదు. అత్తయ్యదానితో సహా ఇళ్ళలో ఉన్న డబ్బాలన్నీ తెప్పించుకుని, చిప్పు చుట్టూ తెరవడానికి వీల్లేని సీలు వేశారు. లోపల ఒక లెక్క పెట్టారు. పది కోట్ల మాటలు. అవి వాడేశాక డబ్బా మూగబోతుంది, కంపెనీకి కబురు వెళ్తుంది, వాళ్ళు దానికి విరమణ ఇచ్చి కొత్తది పంపుతారు. ఉచితంగానే, పాపం. మనిషికి పది కోట్ల మాటలు ఎక్కడ ఖర్చవుతాయిలే అనుకుని ఉంటారు. వాళ్ళు మా అత్తగారిని చూడలేదు.

ఒక పొద్దున్న ఆవిడ బీరకాయలు చెక్కుతుంటే డబ్బా తనంతట తానే, "అమ్మాయ్, మాటలు అడుగంటుతున్నాయే" అంది.

అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "ఇది నేనన్నది కాదే" అంది.

"కాదత్తయ్యా" అన్నాను. ఆవిడ చేతిలో బీరకాయ కింద పెట్టేసింది.

ఆ రోజే డబ్బా పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాను. అబ్బులుగారు సీలు కదపకుండా పైనుంచే పరీక్షించి, "రాయి రాయిలాగే ఉందమ్మా. ఇంకో ముప్పై కోట్ల మాటలైనా మోస్తుంది. దీనికేం రోగం లేదు, వీళ్ళు రాసిన నుదుటి రాత తప్ప" అన్నారు.

"లోపలి గుంటల్ని చూసి కొత్త డబ్బాలో అలాగే చెక్కలేమా సార్?"

"మీ సన్నికల్లు గుంట తీసుకెళ్ళి ఇంకో రాయిలో పెట్టగలవా? పెట్టగలిగితే చెప్పు, ఇదీ పెడదాం."

మరి సీలు తీసి ఆ లెక్కని చెరిపేస్తే? అది అత్తయ్య డబ్బా మీద చేసి చూసే ప్రయోగం కాదు. అప్పటికి కొంతకాలం కిందటే పోయిన ఒక పెద్దాయన డబ్బాని వాళ్ళావిడ మా ల్యాబ్‌కి ఇచ్చింది. "ఇంకో ఇంట్లో మనిషి మాట నిలబడుతుందంటే తీసుకోండి బాబూ" అని తనే చేతిలో పెట్టింది. మీట నొక్కితే ఆ డబ్బా, "ఏవోయ్, కాఫీ పెట్టేవా?" అనేది. అది ఆ పెద్దాయన రోజూ ముందు అనే మాటట. తెరిచేముందు ఆవిడ ఆ మాట మరోసారి విని, కొంగు నోట్లో కుక్కుకుని పక్కకి తిరిగింది. మేం సీలు తీశాం. మీట నొక్కాం. డబ్బాలోంచి ఏ శబ్దమూ రాలేదు. మూత లేస్తే లోపలున్నదంతా కరిగిపోయేటట్టు కట్టారు దాన్ని.

అబ్బులుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనిచ్చింది రాయి. వీళ్ళు వేసింది తాళం" అన్నారు. ఆ తర్వాత వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆవిడే ఆయన తల మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా, పోయిన మనిషి మాట ఎన్నాళ్ళు ఉంటాది? బతికున్నావిడ సంగతి చూడండి" అంది. ఇంటికొచ్చాక కూడా నాకా మాటలు చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి, అన్నం సయించలేదు.

ఇంతలో కంపెనీవాళ్ళు ముందుగానే కొత్త డబ్బా పంపించారు. అందంగా, అరచేతిలో పట్టేంత ఉంది. మనిషి సగం అనుకోగానే మిగతా సగం అదే పూర్తిచేసేస్తుందట. సరే చూద్దామని అత్తయ్య మెడకి తగిలించాం. సూరిబాబు డ్యూటీ దిగి, కావాలనే చెప్పులతో లోపలికొచ్చాడు. అత్తయ్య గొంతు కదిలింది. "స్వాగతం. మీ పాదరక్షలను వెలుపల విడిచిన యెడల సంతోషిస్తాను" అంది డబ్బా. సూరిబాబు మొహం మాడిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు డ్రోను పుచ్చువంకాయలు దించింది. అత్తయ్య మొహం కందగడ్డయ్యింది, మెడ నరాలు ఉబ్బాయి, చెయ్యి పైకి లేచింది. డబ్బా మాత్రం తేనెలు కారుతూ, "మీ సహకారానికి ధన్యవాదాలు" అంది. డ్రోను సంతోషంగా ఎగిరిపోయింది. అత్తయ్య ఆ డబ్బాని మెడలోంచి తీసి, ఉప్పుజాడీ వెనకాల పెట్టి, పైన మూకుడు బోర్లించింది.

పాత డబ్బా మళ్ళీ మెడకెక్కింది. కానీ ఇప్పుడు ఆవిడ మాటలు పొదుపు చేయడం మొదలుపెట్టింది. చేత్తో చూపించడం, గరిటెతో కొట్టి పిలవడం, అవసరమైతే ఒక్క ముక్క. మెస్ చిన్నబోయింది. వచ్చినవాళ్ళు గబగబా తిని లేచిపోతున్నారు. సగం తిన్నవాడిని కూలేసేవాళ్ళు లేరు. నాకైతే ఆవిడ నా పప్పు తిని ఏమీ అనకుండా చెయ్యి కడుక్కోవడం భరించరానిదైపోయింది.

"ఏదో ఒకటి అనండత్తయ్యా. పోపు మాడింది కదా!" అన్నాను ఒకరోజు ఏడుపు గొంతుతో.

ఆవిడ నా వైపు తిరిగింది. తర్వాత నోరు విప్పింది. "మాడిందే. బొగ్గులా ఉంది. ఇంగువ వేసేవా, వాసన చూసి వదిలేసేవా? ఇంత చదువు చదివేవు, మంట తగ్గించడం నేర్పలేదా మీ కాలేజీలో? ఇదిగో, ఇకనుంచి నేను దాచుకోను. వడ్డించకుండా దాచిన అన్నం పాచిపోద్ది. ఉన్నన్నాళ్ళు వడ్డిస్తాను. ఆ తర్వాత నా పేర్లోనే నూకలున్నాయి, చూద్దాం ఎలా చెల్లుతాయో."

ఆ పూట మెస్‌లో అందరూ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

సూరిబాబుకి మాత్రం మనసు ఊరుకోలేదు. ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. యంత్రాలు తమలో తాము గుట్టుగా మాట్లాడుకుని మనుషుల కొంపలు ముంచుతున్నాయని గొడవలయ్యాక ఒక చట్టం వచ్చింది. ఇంట్లో ఉన్న యంత్రంతో కంపెనీ యంత్రం ఏం మాట్లాడినా, ఆ ఇంటివాళ్ళ భాషలో, అందరికీ వినపడేలా పైకే మాట్లాడాలి. లోపలికి తొంగిచూడకూడదు. ఎన్ని మాటలు మిగిలాయో డబ్బానే అడగాలి, అది చెప్పిందే రాసుకోవాలి.

"ఇంకేం? డబ్బా నీ మాటే నేర్చుకుంటాది కదమ్మా" అన్నాడు వాళ్ళమ్మతో. "రోజూ నువ్వు 'బోలెడన్ని ఉన్నాయి, బోలెడన్ని ఉన్నాయి' అంటా ఉండు. వాళ్ళడిగినప్పుడు అదే అంటాది."

నిజం చెప్పాలంటే నాకా ఉపాయం నచ్చింది. అత్తయ్య నా మొహం చూసే అది కనిపెట్టింది.

"నలభై ఏళ్ళు మెస్ నడిపేను. నిన్నటి కూర ఇవాళ్టిదని ఒక్కరికి వడ్డించలేదు. ఇప్పుడు నా డబ్బా చేత అబద్ధం ఆడించమంటావేంట్రా?" అంది. "అది నా నోరురా సూరిగా. మూతపడితే పడనీ గానీ, ఎంగిలి చెయ్యను."

దాంతో ఆ మాట అక్కడితో ఆగింది. పోర్టులో అంత బరువులెత్తేవాడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆఖరి మాటలు ఏవై ఉంటాయా అని నాలో నేను చాలా ఆలోచించేదాన్ని. ఏదో ఒక మంచి మాట, దాచుకునే మాట అంటుందేమోనని ఆశ. ఆవిడకేమో అలాంటి ధ్యాసే లేదు. పొద్దున్న లేచింది మొదలు డ్రోన్లని, కొడుకుని, నన్ను, పాలు పొంగిన పొయ్యిని వరసపెట్టి చీవాట్లేస్తూనే ఉంది.

ఆ రోజు నేను సెలవు పెట్టి వంటింట్లో ఉన్నాను. మిరియాల రసం నా చేత్తో పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ, మెస్ కిటకిటలాడుతోంది. అబ్బులుగారు కూడా ఒక మూల విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. అత్తయ్య గరిటెతో రసం తీసి అరచేతిలో పోసుకుని రుచి చూసింది. నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, రసంలో ఉప్పు..."

డబ్బా ఆగిపోయింది.

ఆవిడ గొంతు కదులుతూనే ఉంది, మాట రావడం లేదు. ఒకసారి డబ్బా తట్టి చూసుకుంది. మళ్ళీ గొంతు కదిపింది. ఆ తర్వాత కదపడం మానేసి, గరిటె గిన్నెలో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తినేవాళ్ళ చేతులు విస్తళ్ళలోనే ఉండిపోయాయి. నాకు ముందు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. పది కోట్ల మాటల చివర ఆవిడ నాతో అనాలనుకున్నది ఉప్పు సంగతా? ఆ తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా ఇక నాకు ఎప్పటికీ తెలియదు కదా!

కంపెనీ పిలుపు వచ్చింది. ఆ ఒక్క పిలుపుకి జవాబు చెప్పేపాటి గొంతు మాత్రం డబ్బాకి మిగులుస్తారు. "నమస్కారం" అంది అవతలి యంత్రం, గ్రంథం విప్పినట్టు. "నిత్యనూతన సంస్థ నుండి పలుకుచున్నాను. తమకు కేటాయించిన పది కోట్ల మాటల నిల్వ ప్రస్తుతము ఏ స్థితిలో ఉన్నది?"

నేను కళ్ళు మూసుకున్నాను. డబ్బా అచ్చం అత్తయ్యలాగే, మెస్‌లో వేల సార్లు అన్నట్టే అంది.

"నిండుకుందండి."

అవతలి గొంతు ఆ మాట రాసుకుంది. "మాటల నిల్వ నిండుగా ఉన్నదని గ్రహించితిని. సరియేనా?"

"నిండుకుందనే కదండీ చెప్తున్నాను. అడిగిందే ఎన్నిసార్లు అడుగుతారు?"

"క్షమించగలరు. నిండుగా ఉన్న నిల్వకు విరమణ వర్తించదు. తమ లెక్కను పది కోట్లకు సరిచేయుచున్నాను. తమరు నిరాటంకముగా మాట్లాడుకొనవచ్చును."

ముందు అబ్బులుగారికి పొలమారింది. ఆ తర్వాత నాకు అర్థమైంది. గోంగూర పప్పు కోసం ఓపిగ్గా కూర్చున్న ఆఫీసరుగారు కళ్ళముందు మెదిలారు. ఎవరు ముందు నవ్వారో తెలియదు, మెస్సంతా విరగబడి నవ్వుతోంది. సూరిబాబుకి ఫోన్ చేశాను, నవ్వు ఆగక ఏమీ చెప్పలేకపోయాను. అమ్మకేదో అయిందనుకుని తను క్రేను దిగి పరుగెత్తుకొచ్చేస్తున్నాడు.

అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. "ఏంటే ఆ ఇకిలింపు? అతను తప్పుగా అర్థం చేసుకున్నాడు" అంది. మాట వచ్చేసింది! వచ్చిందన్న సంతోషం ఆవిడ మొహంలో ఒక్క క్షణం మెరిసింది. వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఫోను కలుపు. చెప్పాలి."

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, వద్దు" అన్నాను. నిజంగానే రెండు చేతులూ జోడించాను. "మన డబ్బా అబద్ధం చెప్పలేదు కదా. వాళ్ళకి తెలుగు రాకపోతే మన తప్పా?"

"ఆ రోజు ఆ ఆఫీసరు పొరబడితే నవ్వుకుని ఊరుకున్నానా? నా వాటా పప్పు పెట్టలేదూ? కలుపు."

ఫోను కలిపాను. వచ్చిన నోరు మళ్ళీ పోతుంది. ఒకే ఒక్క మాట, 'లేవు' అనో 'అయిపోయాయి' అనో అంటే చాలు. ఆవిడ డబ్బాని ఫోనుకి దగ్గరగా పైకెత్తి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"చూడు బాబూ, ఇందాక నువ్వు నా మాట సరిగ్గా పట్టుకోలేదు. మీరిచ్చిన మాటలు నిండుకున్నాయి నాయనా."

"అవును. నిండుగా ఉన్నట్లే నమోదైనది."

"అబ్బ, అది కాదయ్యా." ఆవిడ వెతుక్కుంది. ఆ రెండు మాటలూ నాలుక చివరి దాకా వచ్చాయేమో కూడా. కానీ చుట్టూ విస్తళ్ళు, విస్తళ్ళలో అన్నం, పైన గోడకి అన్నపూర్ణ పటం. అన్నం ముందు ఆవిడ ఆ మాటలు పుట్టి బుద్ధెరిగి అనలేదు, ఇప్పుడూ అనలేకపోయింది. చివరికి, "ఎలా చెప్పేదిరా నీకు! ఈ డబ్బాకి నూరేళ్ళూ నిండిపోయాయి!" అంది.

అవతలి గొంతు దాన్నీ రాసుకుంది.

"సవరణ గ్రహించితిని. నూరేళ్ళ పూర్తి ఆయుష్షు. మా సంస్థ చరిత్రలో ఇదియే అత్యధికము. తమకు శుభాకాంక్షలు."

పిలుపు ఆగిపోయింది. అబ్బులుగారు ఎంగిలిచెయ్యి నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నారు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "రేపట్నించి మన ల్యాబ్‌కొచ్చే ప్రతి డబ్బానీ ముందు ఇక్కడ భోజనానికి కూర్చోబెట్టాలమ్మా. ఈవిడ దగ్గర తెలుగు నేర్చుకున్నాకే ఇళ్ళకి పంపాలి" అన్నారు. అప్పుడే సూరిబాబు రొప్పుకుంటూ లోపలికి వచ్చాడు.

"చెప్పులు!" అంది అత్తయ్య.

తను చెప్పులు బయట విడిచి, అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"మనం నిజం చెప్పేం. రెండుసార్లు చెప్పేం. మూడోసారి చెప్తే ఆ కుర్రాడు వెయ్యేళ్ళు రాసేలా ఉన్నాడు" అని అత్తయ్య గరిటె చేతిలోకి తీసుకుంది. అప్పటికి గాని ఆవిడ మొహంలో నవ్వు కనపడలేదు. "ఏంటలా చూస్తారు, తినండి, చల్లారిపోతోంది."

నేను మాత్రం కదల్లేదు. కళ్ళు తుడుచుకుని, "అత్తయ్యా, ఇందాక రసంలో ఉప్పు అన్నారు. ఎక్కువైందా, తక్కువైందా?" అన్నాను.

ఆవిడ రసం గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. "సరిపోయిందే అనబోయేను" అంది. "అంతలోకే ఈ డబ్బా నోరు మూసుకుంది."

పెళ్ళై ఆ ఇంటికొచ్చాక నా వంటకి అందిన మొదటి మంచిమాట అది. అందరి ముందూ, పొయ్యి పక్కనే నిలబడి భోరున ఏడ్చేశాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. ఎలాగూ నూరేళ్ళు చేతిలో ఉన్నాయి కదా అని కాబోలు, తుడుస్తూ తుడుస్తూనే అంది.

"పులుపు మాత్రం తగ్గింది."